‘తగ్గుతుంది’ అంటే ఎప్పటికి?



చాలాకాలానికి మళ్లీ రాస్తున్నాను. ఇన్నాళ్లూ ఈ పుట ఖాళీగా ఉండడానికి కారణం సోమరితనం కాదు, మోకాలు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం సామెతలో హాస్యం కోసమే గాని, మోకాలికీ రాతకూ ఎంత గట్టి ముడి ఉందో ఈ పద్నాలుగు నెలల్లో తెలుసుకున్నాను. అరగంట కూర్చుంటే కాలు బిగుసుకుంటుంది. నిలబడితే వాపు దిగుతుంది. పడుకుంటే సలుపు మొదలవుతుంది. ఈ మూడింటిలో ఏదీ వ్యాసరచనకు అనుకూలమైన భంగిమ కాదు.

మాది అంగళ్లు. మదనపల్లె నుంచి హార్సిలీ కొండకు పోయేవారు మా ఊరి మీదుగానే పోతారు. గుడి – గుళ్లు, బడి – బళ్లు, అంగడి – అంగళ్లు అని బహువచన సూత్రాన్ని పిల్లలకు మా ఊరి పేరుతోనే చెప్పేదాన్ని. అంగట్లో దొరికే ప్రతి సరుకుకూ ఒక ధర, ఒక గడువు ఉంటాయి. ఇప్పుడు మోకాలి మార్పిడి కూడా అట్టి సరుకే అయింది. రహదారి పక్కన పెద్ద పలక మీద తెల్లజుట్టు దంపతులు కొండ ఎక్కుతూ నవ్వుతుంటారు. వారి పాదాల కింద ‘ఆరు వారాల్లో మామూలు జీవితం’ అని రాసి ఉంటుంది. ఆ పలక ఏ ఊరి ఆసుపత్రిదో చెప్పను. అట్టివి ఇప్పుడు ప్రతి మలుపులోనూ ఉన్నాయి.

నా తగాదా శస్త్రచికిత్సతో కాదని మొదటే చెప్పుకోవాలి. నా కుడి మోకాలిలో మృదులాస్థి అరిగిపోయి ఎముక ఎముకను రాసుకునేది. బస్సు మెట్టు ఎక్కడానికి ఇద్దరు చేయి పట్టవలసి వచ్చేది. ఆ నొప్పి ఇప్పుడు లేదు. మళ్లీ ఎవరైనా అడిగితే చేయించుకోమనే చెబుతాను. నా తగాదా ఆ ‘ఆరు వారాల’తో. ఆ రెండు మాటలు చిన్న అబద్ధంగా కనబడతాయి గాని, నయమయ్యే నొప్పిని అవమానంగా మార్చేవీ, నయం చేయవలసిన నొప్పిని దాచిపెట్టించేవీ అవే. ఈ టపా దానిని గురించే.

ముప్పైమూడేళ్లు వ్యాకరణం చెప్పినదాన్ని గనుక క్రియాపదం దగ్గరే మొదలుపెడతాను. ‘తగ్గుతుంది’ అన్న రూపం నేటి తెలుగులో రెండు పనులు చేస్తుంది. ‘రేపటికి వాన తగ్గుతుంది’ అంటే భవిష్యత్తు. ‘ఎండాకాలంలో బావిలో నీరు తగ్గుతుంది’ అంటే ఎప్పుడూ జరిగే స్వభావం. దీనిని మన వ్యాకర్తలు తద్ధర్మం అన్నారు. వైద్యుడు ‘నొప్పి తగ్గుతుందమ్మా’ అన్నప్పుడు ఆయన తద్ధర్మంలో మాట్లాడుతున్నాడు. ఈ చికిత్స పొందినవారిలో ఎక్కువమందికి తగ్గడం స్వభావమని ఆయన భావం. రోగి దానిని భవిష్యత్తుగా వింటుంది. నాకు, తప్పక, త్వరలో అని ఆమె అర్థం చేసుకుంటుంది. ఈ రెండర్థాల మధ్యనున్న సందులో పలకలు లేస్తున్నాయి.

ఆరు వారాలకు నేను పరీక్షకు పోయాను. వైద్యులు ఎక్స్‌రే చూసి ‘చాలా బాగుంది’ అన్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదని చెప్పాను. మళ్లీ ఎక్స్‌రేనే చూసి, ‘చూడండి, ఎంత చక్కగా కూర్చుందో’ అన్నారు. ఆ చిత్రంలో మోకాలు నిజంగానే చక్కగా ఉంది. దానికి నొప్పి లేదు, నాకుంది. చివరికి సహాయకుడొకడు ‘వ్యాయామం సరిగా చేస్తున్నట్టు లేదు’ అన్నాడు. రోజుకు మూడు పూటలు పళ్లు బిగించి కాలు వంచుతున్నదాన్ని. బయటికి వచ్చి వరండాలో కూర్చుని, చేయని తప్పుకు బెత్తం దెబ్బ తిన్న పిల్లలాగా ఏడ్చాను. అరవై ఆరేళ్ల వయస్సులో!

ఇంటికి వస్తే పరామర్శలు. ‘ఏమక్కా, ఇంగా కట్టె ఇడవలేదా? మా పెద్దత్త ఆరు వారాలకే తిరుమల కొండ నడిచి ఎక్కింది, తెలుసునా?’ అని ఒకరు. ‘పుత్తూరు కట్టు కట్టించుంటే ఈ పాటికి పరిగెత్తేదానివి’ అని ఇంకొకరు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరు పొందినదే గాని, లోపల అమర్చిన లోహపు కీలుకు దానితో పని లేదు. ఆ పెద్దత్త ప్రతి ఊరిలోనూ ఉంటుంది. ఆమె కొండ ఎక్కిన మాట నిజమే కావచ్చు. తరగతిలో మొదటి మార్కు తెచ్చుకున్న ఒక్క పిల్లవాణ్ణి చూపి మిగిలిన నలభైమందిని కొట్టడం ఎంత న్యాయమో, ఆమెను చూపి నన్ను అడగడం అంతే న్యాయం.

అసలీ చికిత్సలో ఏమి జరుగుతుందో తెలిస్తే ‘ఆరు వారాల’ మాట దానంతటదే రాలిపోతుంది. జనం దీనిని ‘చిప్పల ఆపరేషన్’ అంటారు గాని, సాధారణంగా చిప్పను తీసివేయరు. తొడ ఎముక కింది కొననూ, పిక్క ఎముక పై కొననూ చెక్కి వాటికి లోహపు తొడుగులు వేస్తారు. నడుమ గట్టి ప్లాస్టిక్ దిమ్మ అమరుస్తారు. చిప్ప వెనుక భాగానికి మాత్రం కొందరికి ప్లాస్టిక్ అతుకు వేస్తారు. ఎముక కోత, కండరాల ఎడబాటు, చర్మానికి జానెడు గాయం, ఇవన్నీ ఒక్క పూటలో జరుగుతాయి. తొడ ముందుభాగపు కండరం మొదటి నెలలో తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. వాపూ వెచ్చదనమూ మూడు నుంచి ఆరు నెలలు ఉండడం అరుదు కాదు. గాయపు మచ్చకు బయటివైపు చర్మం మొద్దుబారుతుంది. అక్కడి సన్నని నరపు కొమ్మ కోతలో తెగడమే దానికి కారణం. లోహమూ ప్లాస్టిక్కూ తగిలి ‘టక్’మని చప్పుడు రావచ్చు. మెరుగుదల ఒక సంవత్సరం పాటు, కొందరికి అంతకు మించి కూడా సాగుతూనే ఉంటుంది.

వంగడం లెక్క కూడా చెబుతాను. నేలమీద నడవడానికి మోకాలు సుమారు 65 నుంచి 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకు 80 నుంచి 90 కావాలి. కుర్చీ నుంచి లేవడానికి 90 దాటాలి. గొంతుక్కూర్చోవడానికి 120కి పైగా వంగాలి. పీట మీద కూర్చుని కూర తరిగే ఇల్లాలి ‘మామూలు జీవితం’, నేలమీద బాసిపట్టు వేసి భోంచేసే మనిషి ‘మామూలు జీవితం’ ఏ డిగ్రీ దగ్గర ఉన్నాయో పలక రాసినవారు ఎన్నడైనా కొలిచారా? నాకు ఆరు వారాలకు 85 వచ్చింది. నేడు 112. నేలమీద కూర్చోవడం ఇక లేదని నాకు తెలుసు. మా తమ్ముడి కూతురి పెళ్లిలో అందరూ చాపల మీద కూర్చుంటే నేనొక్కదాన్నే కుర్చీలో ఎత్తుగా కూర్చున్నాను. ఇది ముందే చెప్పి ఉంటే ఆ రోజు అంత చిన్నబుచ్చుకునేదాన్ని కాను.

ఇక చెప్పని అసలు సంగతి. 2012లో ఇంగ్లండులోని పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి సమీక్షించి ఒక వ్యాసం వెలువరించారు. మోకాలి మార్పిడి తర్వాత దీర్ఘకాలం గణనీయమైన నొప్పితో మిగిలినవారు సుమారు 20 శాతం. తుంటి మార్పిడి తర్వాత సుమారు 9 శాతం. అంటే మోకాలి విషయంలో ఐదుగురిలో ఒకరు. నలుగురికి మేలు జరిగిందన్నది ఎంత నిజమో, ఐదవ మనిషి ఉన్నదన్నదీ అంతే నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధుల వర్గీకరణలో, శస్త్రచికిత్స తర్వాత మూడు నెలలు దాటి నిలిచే నొప్పికి ప్రత్యేకంగా ఒక పేరూ స్థానమూ ఇచ్చింది. ఆ వర్గీకరణ 2022 నుంచి అమలులో ఉంది. పేరున్న వ్యాధిని మనం ‘సోమరితనం’ అంటున్నాం.

మా ప్రాంతంలో చాలామంది ఈ చికిత్స పేరు మొదట విన్నది ప్రధానమంత్రి వాజపేయి గారి మూలంగా. 2000 అక్టోబరులో ఆయన ఎడమ మోకాలినీ, 2001 జూన్‌లో కుడి మోకాలినీ ముంబయిలోని బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో మార్చారు. చేసినవారు న్యూయార్కు నుంచి వచ్చిన చిత్తరంజన్ రణావత్ గారు. నేటి కృత్రిమ మోకాలికి మూలరూపమైన 1970ల నాటి నమూనాను రూపొందించినవారిలో ఆయనా ఒకరు. అంతటి శస్త్రవైద్యుడు, అంతటి రోగి, చుట్టూ అంతటి పరిచర్య. అయినా ఒక కాలికీ మరో కాలికీ నడుమ ఎనిమిది నెలలు గడిచాయి. దేశప్రధానికి ఎనిమిది నెలలు. ఉదయం నాలుగున్నరకు లేచి వాకిలి ఊడ్చే అంగళ్లు ఆడమనిషికి ఆరు వారాలు!

2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వం కృత్రిమ మోకాలి ధరకు పరిమితి విధించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు ధర, పన్ను కాక, 54,720 రూపాయలకు దిగింది. అంతకు ముందు అది లక్షన్నర దాటి ఉండేది. మంచి పని జరిగింది, ఒప్పుకుంటాను. లోహానికి ధర కట్టారు. తర్వాతి నెలలకు మాత్రం ఎవరూ కట్టలేదు. వారానికి మూడుసార్లు మదనపల్లెకు ఆటో, వ్యాయామ చికిత్సకుడి రుసుము, తోడు వచ్చేవారి కూలి నష్టం, ఇవి ఏ రసీదులోనూ ఉండవు. అందుకే మా ఊళ్లలో చాలామంది రెండు వారాలకే వ్యాయామం మానేస్తారు. ఆ పైన ‘మీరు చేయలేదు గనుకే’ అన్న నింద వారి మీదే పడుతుంది.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకుండా ఇతరులను నిలదీసే అర్హత నాకు లేదు.

పుంగనూరులో నాతో కలిసి పనిచేసిన హిందీ టీచరమ్మ నాకంటే రెండేళ్లు ముందు మోకాలు మార్పించుకుంది. మొదట బాగానే నడిచింది. నాలుగో నెలలో ఒకనాడు ఫోన్ చేసి, ‘మేడం, రాత్రిళ్లు మోకాలు కాగుతా ఉంది. తగ్గిన నొప్పి మళ్లా ఎక్కువైంది’ అన్నది. అప్పటికి నా మోకాలు సొంతదే. నేను పెద్దరికంగా ‘ఓర్చినమ్మకు తేటనీరు’ అన్నాను. ఆమె ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. ఆరు వారాల గడువు ఎప్పుడో దాటిపోయింది గనుక మళ్లీ వైద్యుడి దగ్గరికి పోవడానికి ఆమెకే సిగ్గయింది. ఇంకో నెలన్నర ఓర్చుకుంది. చివరికి గాయం చెమ్మగిల్లినప్పుడు తీసుకుపోతే లోపల చీము పట్టిందన్నారు. అమర్చిన కీలును తీసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, మళ్లీ కొత్త కీలు అమర్చారు. నేడు ఆమె వాకర్ లేకుండా గది దాటలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. సామెత చెప్పిన నోరు నాదేనని నాకు గుర్తుంది.

కదిలించిన చెరువు నీరు తేరుకునేదాకా ఆగినామెకు తేట నీరు దొరుకుతుందని ఆ సామెత. నీరు తేరుకుంటోందా, ఇంకా కలకబారుతోందా అని వంగి చూడవలసిన బాధ్యత ఒకటుంది. ఆ బాధ్యతను వదిలేసి ఓర్పును మాత్రం బోధించాను. తగ్గుతూ తగ్గుతూ వచ్చే నొప్పి వేరు, తగ్గి మళ్లీ పెరిగే నొప్పి వేరు. కొత్తగా ఎరుపు, జ్వరం, గాయం నుంచి స్రావం, పిక్కలో వాపుతో కూడిన నొప్పి, ఉన్నట్టుండి ఊపిరాడకపోవడం, వీటిలో ఏదైనా వస్తే ఓర్పు కాదు, ఆ క్షణమే ఆసుపత్రి. ఈ తేడా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ‘ఆరు వారాల’ పలక కట్టడానికి అంతకంటే ఎక్కువ సమయమే పట్టి ఉంటుంది.

నొప్పిని అడిగే పద్ధతి కూడా చూడండి. ‘పదికి ఎన్ని?’ అంటారు. వేల జవాబుపత్రాలు దిద్దినదాన్ని, నా నొప్పికి మార్కులు వేయలేక తెల్లబోయాను. తెలుగులో సలుపు వేరు, పోటు వేరు, పీకు వేరు. జివ్వుమనడం, మండడం, గుంజడం, పట్టేయడం, తిమ్మిరి, మొద్దు, ఒక్కొక్కటీ ఒక్కో సంగతి చెబుతుంది. మంటా జివ్వుమనడమూ నరానికి సంబంధించినవి కావచ్చు. బిగువు కండరానిది కావచ్చు. రాత్రి వేడితో వచ్చే పోటు ఇంకేదో కావచ్చు. ‘వేదన’ అన్న మాట ‘విద్’ ధాతువు నుంచి వచ్చింది. ఆ ధాతువుకు తెలుసుకోవడమని అర్థం. వేదనలో తెలుసుకోవలసినది ఉన్నదని భాషకు తెలుసు. అడిగేవారికి తీరిక లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయని తెలుసు. మొదటిది: ‘నిజం చెబితే రోగులు భయపడి చికిత్సకే రారు.’ పదవ తరగతి పరీక్ష కష్టమని చెప్పినందుకు నా పిల్లల్లో ఒక్కరూ బడి మానలేదు. పరీక్ష సులువని నమ్మి పోయినవారే ప్రశ్నపత్రం చూసి బిక్కచచ్చిపోయారు. భయం కంటే మోసపోయామన్న భావన మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది.

రెండవది: ‘వైద్యులకు తీరిక ఎక్కడిది? నెలల తరబడి అందరినీ ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?’ దీనికి జవాబు మా మదనపల్లె చరిత్రలోనే ఉంది. ఊరికి సమీపాన ఉన్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం వందేళ్ల నాటిది. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ గారు దానికి సారథ్యం వహించారు. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో రోగులు అక్కడ నెలల తరబడి ఉండేవారు. మాన్పుకు కాలం పడుతుందన్నది అక్కడ ఎవరికీ సిగ్గుచేటు కాలేదు. మందులు వచ్చాక, 1956లో మదరాసులో నెలకొన్న క్షయ చికిత్సా కేంద్రం ఒక ప్రశ్న వేసుకుంది: ఇంట్లోనే ఉంచి మందులిస్తే చాలదా? చాలునని 1959లో ఫలితాలు వచ్చాయి. ప్రపంచమంతా ఆ దారి పట్టింది. ఆ ఇంటి వైద్యంలో ఆరోగ్య సందర్శకులు రోగుల ఇళ్లకు పోయేవారు. మందు వేసుకున్నారో లేదో చెప్పకుండా వచ్చి చూసేవారు. రోగిని ఇంటికి పంపారు గాని వదిలిపెట్టలేదు. మన మోకాళ్ల విషయంలో మొదటి సగం నేర్చుకుని రెండవ సగం మరిచాం. ఐదవ రోజే ఇంటికి పంపుతున్నాం, ఆ తర్వాత ఎవరూ రారు.

ఇది పాత కథ అనుకోనక్కరలేదు. బ్రిటన్‌లో ఎనిమిది ఆసుపత్రుల్లో, మార్పిడి జరిగిన మూడు నెలలకు కూడా నొప్పితో ఉన్న 363 మందితో ఒక పరీక్ష జరిపారు. కొందరిని నిపుణులు ఒక గంటపాటు కూర్చోబెట్టి పరీక్షించి, నొప్పికి కారణాన్ని బట్టి తగినచోటికి పంపి, ఆ పైన ఫోన్ చేసి కనుక్కుంటూ వచ్చారు. మిగిలినవారికి మామూలు వైద్యమే. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది నాటికి మొదటివారికి నొప్పి కొంత తక్కువగా ఉంది. అద్భుతమేమీ జరగలేదు, కొంతే తగ్గింది. ఆ ‘కొంత’ విలువ రాత్రి రెండు గంటలకు మేలుకుని గోడ చూసేవారికి తెలుసు.

నాకు ఆ మేలు చేసినవాడు నా పాత విద్యార్థి. కుప్పంలో ఉంటాడు, ఫిజియోథెరపీ చదివాడు. మూడో నెలలో సంగతి తెలిసి, నాటి నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేశాడు. ‘అమ్మా, ఈ వారం ఏ నొప్పి? పోటా, మంటా?’ అని అడిగేవాడు. నా పాఠం నాకే అప్పజెబుతున్నాడనిపించేది. చర్మం ఎందుకు మొద్దుబారిందో చెప్పినవాడు అతడే. వ్యాయామానికి అరగంట ముందు వైద్యుడు రాసిన మాత్ర వేసుకోవచ్చునని, తర్వాత మంచుగడ్డల కాపడం పెట్టుకోవాలని, ఒకనాడు ఎక్కువ నడిచి మరునాడు మంచమెక్కడం కంటే రోజూ కొంచెం నడవడం మేలని చెప్పాడు. ఇవేవీ రహస్యాలు కావు. డిశ్చార్జి కాగితం వెనుక వైపున తెలుగులో అచ్చు వేయించదగిన సంగతులు.

కనుక నా కోరికలు నాలుగే. శస్త్రచికిత్సకు ముందే, సంతకం పెట్టించుకునే కాగితంలో, కోలుకోవడానికి ఏడాది పట్టవచ్చునని, ఐదుగురిలో ఒకరికి నొప్పి మిగలవచ్చునని రోగి భాషలో రాయండి. మూడు నెలలు నిండిన ప్రతి మనిషినీ ఒక్కసారైనా పిలిచి, ఎక్స్‌రేను పక్కనపెట్టి, నొప్పిని గురించి అడగండి. వ్యాయామ చికిత్స ఖర్చును శస్త్రచికిత్స ఖర్చులో భాగంగానే లెక్కించండి. నాలుగవది వైద్యులకు కాదు, మనకు. చుట్టాలారా, ఇరుగుపొరుగులారా, ఆ పెద్దత్త కథ ఇక చాలించండి.

నిన్న సాయంత్రం కట్టె లేకుండా మా వీధి చివరి వేపచెట్టు దాకా నడిచి వచ్చాను. రాత్రి సలిపింది. తెల్లవారి చూస్తే మొన్నటికంటే వాపు తక్కువ. తగ్గుతోంది. ఇది వర్తమానం, దీనిలో రెండర్థాలు లేవు.

మీ ఇళ్లలో మోకాలు మార్పించుకున్నవారుంటే ఈరోజు ‘ఎట్లుండావు?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా అక్కడే కూర్చోండి. వారు చెప్పినది వీలైతే ఇక్కడ వ్యాఖ్యగా రాయండి. హిందీ టీచరమ్మకు ప్రతి ఆదివారం ఫోన్ చేసే పని ఇప్పుడు నేను పెట్టుకున్నాను. మీ వ్యాఖ్యలు ఆమెకు చదివి వినిపిస్తాను.